బావ అరచెయ్యి

మా వీధిలో ఎవరికైనా జ్వరం వస్తే ముందు మా బావకి కబురు వెళ్లేది. ఆయన డాక్టరు కాదు, మెకానిక్కు. గ్రీజు చేతిని ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చి, మంచం పక్కన నిలబడి, నుదుటి మీద అరచెయ్యి ఆనించి, "నూట ఒకటిన్నర" అనేవాడు. తర్వాత థర్మామీటర్ పెట్టి చూస్తే నూట ఒకటిన్నరే ఉండేది. ఎప్పుడైనా ఒక గీత అటూ ఇటూ అయితే థర్మామీటర్ మార్చుకోమని చెప్పి వెళ్లిపోయేవాడు. అందరూ ఆయన్ని అరచెయ్యి మేస్త్రి అనేవాళ్లు. అసలు పేరుతో పిలిస్తే ఆయనే పలికేవాడు కాదేమో.

మా నాన్న నడిపే మెకానిక్ షెడ్డులో పనికి చేరేటప్పటికి బావకి ఇరవై ఏళ్లు. అంతకు ముందు రొట్టెల కార్ఖానాలో పొయ్యి దగ్గర పనిచేశాడు. మండుతున్న పొయ్యి నోట్లో చెయ్యి పెట్టి ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టేవాడట. ఏ అంకె దగ్గర చెయ్యి లాక్కోవాల్సి వస్తే దాన్నిబట్టి రొట్టెలు పెట్టాలా, ఇంకాసేపు ఆగాలా అని చెప్పేవాడట. ఆ సంగతి విన్న నాన్న, నీళ్లు మరిగిపోతున్న ఓ లారీ దగ్గరికి తీసుకెళ్లి, "చెయ్యి పెట్టి చెప్పు చూద్దాం" అన్నాడు. బావ పైన ఒక పైపు పట్టుకున్నాడు, కింద ఒక పైపు పట్టుకున్నాడు. "పైన నిప్పులా ఉంది, కింద చల్లగా ఉంది. మధ్యలో ఏదో అడ్డం పడింది" అన్నాడు. లారీ గురించి ఓనమాలు తెలియని మనిషి! నాన్న ఆ రోజు ఇంటికొచ్చి అన్నం కూడా సరిగ్గా తినలేదు. మీటర్లున్న వాళ్లకి లేని చెయ్యి వీడికుంది అని అమ్మకి పదిసార్లు చెప్పాడు. ఆరేళ్లు తిరిగేసరికి అక్కనీ ఇచ్చాడు, షెడ్డూ ఇచ్చాడు. అక్క మాత్రం ఇప్పటికీ సరిదిద్దుతుంది, ముందు షెడ్డు ఇచ్చారు, దాన్ని ఊడ్చడానికి మనిషి కావాలని తర్వాత నన్నిచ్చారు అని.

నాకు ఆ పని అబ్బలేదు. నట్టు బిగిస్తే మర విరిగేది, బోల్టు విప్పితే తల అరిగేది. నాన్న తిట్టీ తిట్టీ అలిసిపోయి, "నువ్వు బండి తోలుకో, విప్పకు" అన్నాడు. ఆ మాటే పట్టుకుని ఇరవై రెండేళ్లుగా వ్యాను తోలుతున్నాను. కొండ మీద బట్టలు కుట్టే మిల్లు ఉంది. రోజూ పొద్దున్న పద్దెనిమిది మంది ఆడవాళ్లని ఎక్కించుకుని పైకి తీసుకెళ్తాను, సాయంత్రం కిందికి దింపుతాను. నా బండి వయసు నా డ్రైవింగు వయసు కంటే ఎక్కువ.

ఆ కాలం వ్యాన్లలో ఇంజన్ ముందు బోనెట్ కింద ఉండదు. డ్రైవర్ సీటుకీ పక్క సీటుకీ మధ్య, లోపలే, ఒక రేకు మూత కింద ఉంటుంది. ఆ మూత మీద పాత దిండు వేశాను. దాని మీద కళ్లజోడు పిన్ని కూర్చుంటుంది. మిల్లులో బొత్తాలు కుట్టేచోట అందరికంటే పెద్దావిడ. మోకాళ్ల నొప్పులు, వెనక్కి దూరి కూర్చోలేదు. పదకొండేళ్లుగా అదే ఆవిడ చోటు. అంటే మరిగే నీళ్లకీ పిన్ని ఒంటికీ మధ్య ఉన్నది ఒక రేకూ ఒక దిండూ. అన్నాళ్లూ ఈ సంగతి నా బుర్రకి తట్టనే లేదు.

ఆ ఏడాది ఎండలు మొదలవుతుండగా, కొండ మీద మూడో మలుపు దగ్గర బండి మొదటిసారి వేడెక్కింది. పిన్ని కాళ్లు ఎత్తి పెట్టుకుని, "బాబూ, ఇవాళ సీటు మరీ కాలుతోందేమిటి?" అంది. నేను ఏదో జోకు వేశాను, చలికాలంలో మెచ్చుకున్నావు కదా పిన్నీ అని. వెనక వాళ్లంతా నవ్వారు. నవ్వు ఆగకముందే మూత సందుల్లోంచి ఆవిరి లేచింది. నా బండిలో వేడి చూపించే ముల్లు లేదు. ఎనిమిదేళ్ల క్రితం అది పాడైతే బావే పీకేశాడు. "నా చెయ్యి ఉండగా ఈ అబద్ధాల ముల్లు ఎందుకురా నీకు?" అన్నాడు. ఆ కన్నంలో బిరడా కొట్టాడు. నేనూ సరేనన్నాను, ఎవరైనా అడిగితే గొప్పగా కూడా చెప్పుకున్నాను.

బండి ఆపి, చల్లారనిచ్చి, నీళ్లు పోసి, మిల్లుకి నలభై నిమిషాలు ఆలస్యంగా చేర్చాను. తిరిగొచ్చి నేరుగా షెడ్డుకి వెళ్లాను.

బావ మూత ఎత్తి, ఇంజన్ ఆడించమని, కాసేపు విన్నాడు. తర్వాత ఆయన మామూలు పద్ధతి. ఇంజన్ నుంచి వేడి నీళ్లు పై పైపులోంచి రేడియేటర్‌లోకి వెళ్తాయి, అక్కడ చల్లారి కింది పైపులోంచి ఇంజన్‌లోకి తిరిగొస్తాయి. రెండు పైపుల మీదా రెండు అరచేతులు పెట్టి, వేడిలో తేడా ఎంతుందో చూస్తే జబ్బు ఎక్కడుందో తెలిసిపోతుంది. బావ కళ్లు మూసుకుని పట్టుకున్నాడు. షెడ్డులో ఉన్న ఇద్దరు లారీ డ్రైవర్లు మాటలు ఆపేశారు. ఆయన చెయ్యి పెట్టినప్పుడు మాట్లాడకూడదని అందరికీ తెలుసు.

"రెండూ ఒకటే వేడి. గోరువెచ్చగా ఉన్నాయి. నీళ్లు కదలడం లేదు. పంపు పోయింది" అన్నాడు.

పంపు మార్చాడు. కొత్త పంపు బిగించాక మళ్లీ ఇంజన్ ఆడించి, మళ్లీ చేతులు పెట్టి, "ఇంకాస్త వెచ్చబడింది, సరిపోయింది" అన్నాడు. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. ఎందుకో నాకే తెలియదు, అలవాటు లేని పని, నేను కూడా ఆ పై పైపు మీద చెయ్యి వేశాను. వేసిన చెయ్యి వేసినట్టే లాగేసుకున్నాను. నా అరచెయ్యి ఎర్రగా కందిపోయింది. కింది పైపు ముట్టుకున్నాను. చల్లగా ఉంది, కుండలో నీళ్లలా.

నాకు బండి పని రాదు గానీ, అరచెయ్యి మేస్త్రి మొదటి రోజు చెప్పిన ముక్క మాత్రం మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. పైన నిప్పు, కింద చల్లన, మధ్యలో అడ్డం. రేడియేటర్ పూడుకుపోయింది. పంపుతో దానికేం సంబంధం లేదు. నాకు భయం వేసింది. బండి గురించి కాదు. ఆ పైపుని ఆయన అర నిమిషం పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"బావా, ఓసారి రేడియేటర్ విప్పి చూద్దామా?" అన్నాను, మాట కాస్త తేలిగ్గా ఉండేట్టు.

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నా వైపు చూశాడు. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఊరికే."

"ఊరికే చెప్పాలనిపిస్తే స్టీరింగుకి చెప్పుకో."

లారీ డ్రైవర్లు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. కందిన చెయ్యి జేబులో పెట్టుకున్నాను. ఆ రోజు ఆ నవ్వు నవ్వకుండా ఉండాల్సింది.

ఆ తర్వాత ఆయన్ని చూస్తుంటే నాకు వేరేవి కనిపించడం మొదలైంది. టీ గ్లాసుని అందరూ అంచు దగ్గర రెండు వేళ్లతో పట్టుకుంటే బావ వేడి గ్లాసు మధ్యలో గుప్పిట బిగించి పట్టుకునేవాడు. ఒక రోజు షెడ్డు నుంచి ఇంటికి నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు దారిలో జారిపోయింది. ఆయన ఒంటి చెప్పుతో అలాగే నడుస్తూ, నాకు ఏదో బేరింగు గురించి చెబుతున్నాడు. నేను వెనక్కి వెళ్లి చెప్పు తెచ్చి ముందు పెడితే, "ఇదెక్కడిది?" అన్నాడు. చక్కెర జబ్బు ఉందని ఏడేళ్లుగా తెలుసు. మాత్రలు వేసుకుంటాడు, వేసుకోవడం మరిచిపోతాడు, అక్క గుర్తు చేస్తే విసుక్కుంటాడు. అన్ని ఇళ్లలో ఉండే భాగోతమే అనుకున్నాం.

ఒక ఆదివారం పొద్దున వాళ్లింటికి వెళ్లాను. అక్క స్నానాల గదిలో బకెట్ ముందు వంగి, మోచెయ్యి నీళ్లలో ముంచి చూస్తోంది, చంటిపిల్లలకి పోసేటప్పుడు చూస్తారే, అలా. వాళ్లింట్లో చంటిపిల్లలు లేరు. నన్ను చూసి గబుక్కున లేచి, చెంగుతో మోచెయ్యి తుడుచుకుంది.

"ఎవరికక్కా?" అన్నాను.

"మీ బావకే. తోడి ఇస్తే తొందరగా కానిస్తాడని" అంది. తర్వాత వంటింట్లోకి వెళ్లి, పొయ్యి వైపు తిరిగి, నాకు మొహం కనిపించకుండా చెప్పింది. "పోయిన నెల సలసలా కాగే నీళ్లు కాళ్ల మీద పోసేసుకున్నాడురా. కాళ్లూ చేతులూ బొబ్బలు. ఏమైందండీ అంటే, ఇంజన్ ఆవిరి తగిలిందన్నాడు. నేను సరేనన్నాను."

"డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లలేదా?"

"డాక్టరు ఏం చెబుతాడో నాకు తెలుసు. అది విన్న రోజు నుంచి ఆయన షెడ్డు తలుపు తియ్యడు. తియ్యకపోతే ఆ మనిషి ఏమైపోతాడో అది కూడా నాకు తెలుసు." అప్పుడు నా వైపు తిరిగింది. "నువ్వు నోరు జారకు తమ్ముడూ. నీకు దండం పెడతాను."

అక్క నన్నెప్పుడూ దేనికీ బతిమాలలేదు. నేను నోరు మూసుకున్నాను. ఆడవాళ్లు బతిమాలితే నాకు కాళ్లూ చేతులూ ఆడవు, అది నా సాకు. అసలు సంగతి వేరు. వేరే షెడ్డుకి బండి తీసుకెళ్లి ఒక పూటలో రేడియేటర్ కడిగించుకోవచ్చు. కానీ అరచెయ్యి మేస్త్రి బామ్మర్ది బండి పరాయి షెడ్డులో కనిపిస్తే, గంటలో వీధి మొత్తానికి తెలిసిపోతుంది. ఆ తర్వాత బావ మొహం ఎలా చూడను? ఆ ఒక్క మొహం చూడలేక, రోజూ పద్దెనిమిది మొహాల్ని కొండ ఎక్కించాను.

ఎలా ఎక్కించానో చెబుతాను, దాచుకునేదేముంది. డ్రైవర్ సీటు కింద నాలుగు క్యాన్ల నీళ్లు. రెండో మలుపు దగ్గర ఒకసారి, నాలుగో మలుపు దగ్గర ఒకసారి ఆపేవాణ్ని. బూడిదరంగు మబ్బు పట్టిన రోజు ఒకసారే. "కాస్త గాలి పీల్చుకోండమ్మా" అని అందరినీ దింపి, వాళ్లు అటు తిరిగాక నీళ్లు పోసేవాణ్ని. పిన్ని మాత్రం దిగేది కాదు, మోకాళ్ల మూలాన. నేను మూత తీసేటప్పుడు పక్క సీట్లోకి జరిగి కూర్చునేది. "నీకు భయం లేదా పిన్నీ?" అని ఒకసారి అడిగాను. "మీ బావ చెయ్యి వేసిన బండి కదా బాబూ, భయమెందుకు?" అంది. ఆ రోజు దిండు కింద ఇంకో గోనెసంచి మడిచి వేశాను. అదీ నేను చేసిన ఘనకార్యం.

రెండో వారం బావ బెల్టు మార్చాడు. మూడో వారం ఫ్యాను రెక్కలు మార్చాడు. ప్రతిసారీ కళ్లు మూసుకోవడం, "రెండూ ఒకటే వేడి" అనడం. ప్రతిసారీ ఆ మాట ఇంకాస్త నెమ్మదిగా అనేవాడు. పై పైపు మధ్యలో ఉబ్బడం మొదలైంది, మింగుడు పడని ముద్దలా. నాకు నిద్రలో ఆ పైపు పగిలేది, పిన్ని దాని పైన కూర్చుని ఉండగానే. మెలకువ వచ్చి, రేపు చెప్పేస్తాను అనుకునేవాణ్ని. తెల్లారేది, నీళ్ల క్యాన్లు నింపుకునేవాణ్ని.

నాలుగో వారంలో బావే అన్నాడు, "షెడ్డులో ఆడిస్తే వీడి రోగం బయటపడట్లేదు. రేపు నేనూ వస్తాను. జనంతో కొండెక్కించు, నేను దగ్గరుండి చూస్తాను" అని. వద్దనడానికి ఒక్క కారణం కూడా నాకు నోటికి రాలేదు. ఉన్న ఒక్క కారణాన్నీ అక్కకి తాకట్టు పెట్టాను.

పొద్దున్నే బావ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఆడవాళ్లందరూ హుషారుగా పలకరించారు. "మేస్త్రిగారే వచ్చారంటే ఇంక ఈ బండి రైలే" అంది ఒకమ్మాయి. బావ పక్క సీట్లో కూర్చున్నాడు, పిన్ని ఎప్పటిలాగే మధ్యలో. రెండో మలుపు దగ్గర నేను ఆపబోతే, "ఎందుకు ఆపుతున్నావు? పోనీ" అన్నాడు. ఆపాలని చెప్పలేదు నేను. పోనిచ్చాను. మూడో మలుపు దగ్గర పిన్ని కాళ్లు పైకి తీసుకుంది. తర్వాత దిండు మీద నుంచి లేచి వంగి నిలబడింది, కడ్డీ పట్టుకుని. మూత కింద కుతకుతమని చప్పుడు వినిపిస్తోంది. ఇంక నా వల్ల కాలేదు. ఎడమ పక్కకి తీసి ఆపేశాను.

"అందరూ దిగండి. దూరంగా వెళ్లండి" అని అరిచాను. అంత గట్టిగా నేను అరవడం వాళ్లు ఎప్పుడూ వినలేదు. గబగబా దిగి, రోడ్డు పక్క పిట్టగోడ దగ్గరికి పోయారు. పిన్ని దిగలేదు, బావ లేచిన సీట్లోకి జరిగి కూర్చుంది.

బావ నా వైపు తలుపు దగ్గరికి వచ్చి, నేల మీద నిలబడి, డ్రైవర్ సీటు మీదుగా వంగి మూత ఎత్తాడు. వేడి ఒక్కసారిగా మొహానికి కొట్టింది. నేను వెనక సీట్ల వైపు నుంచి వంగాను. పై పైపు ఉబ్బి నల్లగా నిగనిగలాడుతోంది. "బావా, కాసేపు ఆగు, చల్లారనీ" అన్నాను.

"చల్లారితే ఏం తెలుస్తుందిరా?" అని ఎడమ చెయ్యి ఎక్కడో ఊతంగా ఆనించి, కుడి చేత్తో పై పైపు పట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. చెయ్యి కింది పైపు మీదికి మార్చాడు. మళ్లీ పైకి. మళ్లీ కిందికి.

"ఒకటే" అన్నాడు. ఆ గొంతులో ఉన్నది నాకు తెలుసు. పిల్లాడు లెక్క తప్పుతోందని తెలిసి కూడా అదే జవాబు చెప్పినప్పుడు గొంతు అలా ఉంటుంది.

తర్వాత ముక్కు ఎగబీల్చాడు. "ఏదో కాలుతోందిరా. రబ్బరు కాదు. వైర్లు చూడు."

నాకూ వచ్చింది వాసన. వైర్లు చూశాను, బాగానే ఉన్నాయి. బెల్టు చూశాను. దిండు ఏమన్నా లోపల పడిందేమోనని చూశాను. బావ కూడా తల అటూ ఇటూ తిప్పి వెతుకుతున్నాడు, "ఎక్కడ్నుంచిరా?" అంటూ. అప్పుడు పిన్ని వైపు చూశాను. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒకేచోటికి చూస్తోంది. పొగ బయటికి పోయే ఇనప గొట్టం ఉంటుంది, ఇంజన్ మొత్తంలో అంత వేడి ఇంకెక్కడా ఉండదు. బావ ఎడమ చెయ్యి దాని మీద ఉంది. ఒళ్లు బరువంతా ఆ చేతి మీదే మోపి, ఆయన కాలుతున్నదేమిటో వెతుకుతున్నాడు.

మణికట్టు పట్టుకుని లాగాను. ఒక్కసారికి రాలేదు.

క్యాను మూత పళ్లతో ఊడబీకి చేతి మీద నీళ్లు కుమ్మరించాను. "అవి ఇంజన్‌కి ఉంచరా" అన్నాడు బావ. తర్వాత అరచెయ్యి తన వైపు తిప్పి చూసుకున్నాడు. పరాయివాళ్ల వస్తువు ఏదో చేతికిస్తే చూసినట్టు చాలాసేపు చూశాడు.

"నొప్పి లేదురా" అన్నాడు. అరిచి మాట్లాడే మనిషి, గుసగుసలాడినట్టు అన్నాడు. "నీకు తెలుసా?"

నేను తల ఊపాను.

"ఎప్పట్నుంచి?"

"పంపు మార్చిన రోజు నుంచి."

"మీ అక్కకి?"

"అంతకు ముందు నుంచే."

చేతి మీంచి నీళ్లు కారుతుంటే అలాగే నిలబడ్డాడు. "నాకూ అనుమానంగానే ఉంది. కానీ మీలో ఒక్కరన్నా ఏమీ అనలేదు కదా, చెయ్యి బాగానే ఉందనుకున్నాను" అన్నాడు. పిట్టగోడ దగ్గర చెంగులు నెత్తిన కప్పుకుని నిలబడ్డ ఆడవాళ్ల వైపు చూశాడు. "నేను తెలియక చేశాను. నువ్వు తెలిసి కూడా వీళ్లని ఎక్కించుకున్నావా?"

చెప్పుకోవడానికి అక్క దండం ఉంది, ఆయన పరువు ఉంది, వీధి ఉంది. ఎండలో నిలబడి చూస్తే వాటిలో ఒక్కటి కూడా కారణంలా కనిపించలేదు.

మా మాటలన్నీ పిన్ని విన్నది. మెల్లగా సీటు అంచుకి జరిగింది. దిగడానికి నేను వెళ్లి చెయ్యి అందించాను, పదకొండేళ్లుగా అందిస్తున్నట్టే. ఆవిడ ఆ చెయ్యి పట్టుకోలేదు. తలుపు పట్టుకుని, ఒక్కో మోకాలూ వంచుకుంటూ, తనంతట తనే దిగింది. వెళ్లి మిగతా వాళ్లకి ఏదో చెప్పింది. వాళ్లు సంచులు భుజాన వేసుకుని, మిగిలిన రెండు కిలోమీటర్లూ నడిచే వెళ్లారు. అందరికంటే వెనక, గోడ పట్టుకుంటూ, పిన్ని కూడా.